లండన్‌లో విజయనగరం పోటీ: చదరంగ నియమావళి సవరణల చరిత్ర

1883 ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ మూడవ వారం దాటేవరకు లండన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ చదరంగ సమావేశంలో రెండు పోటీలు నడిచాయి. మొదటిది ఆనాటి అగ్రశ్రేణి ఆటగాళ్ళు 14 మంది తలపడిన ప్రధాన పోటీ కాగా, రెండవది 26 మంది పాల్గొన్న ద్వితీయ శ్రేణి పోటీ. ఈ రెండవదానికి నిర్వాహకులు పెట్టిన పేరు 'విజయనగరం పోటీ'. విజయనగరం సంస్థానాధీశుడు ఆ సమావేశానికి చేసిన ధనసహాయానికి గుర్తుగా ఉంచిన పేరు అది. ఆ పోటీలో బెర్లిన్‌కు చెందిన 22 ఏళ్ళ కర్ట్ ఫాన్ బార్డెలెబెన్ ప్రథమ స్థానం పొందాడు. ఆ సమావేశంలోనే జంట గడియారం తొలిసారి పోటీ బల్లమీదికి వచ్చింది; ఆ సందర్భంగానే చదరంగపు అంతర్జాతీయ నియమావళిని సవరించి ప్రకటించారు. ఒక ఆట ఇంటి ఆచారంగా ఉన్న దశను దాటి, ఎవరు ఎక్కడ ఆడినా ఒకే విధంగా సాగవలసిన లిఖిత శాస్త్రంగా మారుతున్న సమయంలో ఉత్తరాంధ్రకు చెందిన ఒక సంస్థానం పేరు ఆ మార్పు పక్కనే నమోదు కావడం ఈ ప్రాంత చరిత్రకారులు మరింత శ్రద్ధగా పరిశీలించదగిన విషయం.

నియమావళి అంటే ఇక్కడ కేవలం పావులు ఎటు కదులుతాయో చెప్పే పట్టిక అని భావించరాదు. ఆట ఎప్పుడు ముగుస్తుంది, ముగియని ఆటను ఏమనాలి, ముట్టుకున్న పావును కదపవలసిందేనా, ఆలోచనకు ఎంత సమయం ఇవ్వాలి, వివాదం వస్తే ఎవరి మాట చెల్లుతుంది అనే ప్రశ్నలన్నిటికీ ముందుగానే సమాధానాలు చెప్పి, ఆడేవారిద్దరూ ఒప్పుకున్న ఒడంబడికగా నిలిచే గ్రంథం నియమావళి. ఒకే ఊరివారు, ఒకే అరుగుమీద ఎప్పుడూ కలిసి ఆడుకునేవారు ఇటువంటి గ్రంథం లేకుండానే తరాల తరబడి ఆడుకోగలరు, ఎందుకంటే పెద్దల జ్ఞాపకమే వారికి ప్రమాణం. ఒకరినొకరు ఎరుగనివారు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, అందులోనూ బహుమతి సొమ్ము మధ్యలో ఉన్నప్పుడు, జ్ఞాపకం ప్రమాణంగా చాలదు.

ఆనాటి విజయనగరం ప్రభువు పూసపాటి ఆనంద గజపతి రాజు (1850–1897). ఆయన ముత్తాత రెండవ విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడుతూ మరణించిన తరువాత ఆ వంశానికి సైనిక స్వాతంత్ర్యం లేకుండా పోయింది. 1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు నిర్ణయం అమలులోకి వచ్చాక రాజు అనే మాట వాస్తవంలో పెద్ద జమీందారుకు పర్యాయమైంది. కోట ఉండి, యుద్ధం చేసే అధికారం లేని ఆ స్థితిలో ఈ వంశం తన ప్రతిష్ఠను విద్య, సంగీతం, సాహిత్యం, దానధర్మాల మీద నిలబెట్టుకుంది. ఆనంద గజపతి తండ్రి మూడవ విజయరామ గజపతి లండన్‌లోని హైడ్ పార్కు అంచున, మార్బుల్ ఆర్చ్ సమీపంలో ప్రజల కోసం ఒక మంచినీటి ఫౌంటెన్ కట్టించాడు. దానిని 1964లో తొలగించారు. ఆనంద గజపతి ధనసహాయంతో మాక్స్ ముల్లర్ సాయణభాష్య సహితమైన ఋగ్వేదాన్ని సవరించి, రెండవ కూర్పును 1890–92 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. ఆయన ఆస్థానంలోని గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకాన్ని 1897లో అచ్చువేసి, తరువాత దాదాపు కొత్త నాటకమనిపించేటంతగా తిరగరాసి 1909లో రెండవ కూర్పు ప్రకటించాడు. ఒక గ్రంథం ఒకసారి అచ్చయినంత మాత్రాన దాని పని పూర్తికాదని, దానిని తిరిగి చూసి సరిదిద్దవలసి ఉంటుందని ఎరిగిన వాతావరణం విజయనగరంలో ఉండేది. లండన్ చదరంగ సమావేశానికి వెళ్ళిన సహాయాన్ని కూడా ఆ వాతావరణంలో భాగంగానే చూడడం సమంజసం.

చదరంగం పుట్టిన దేశానికి చెందిన ఒక ప్రభువు, ఆ ఆటను ఐరోపావారు తమ పద్ధతిలో క్రమబద్ధం చేసుకుంటున్న సభకు ధనం పంపించాడు. అయితే ఆ సభలో ఆడిన చదరంగం, భారతదేశంలో అప్పుడు ఇళ్ళలోను, ఆస్థానాలలోను ఆడుతున్న చదరంగం ఒకటి కావు. ఈ భేదాన్ని కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది.

ఏడవ శతాబ్దంలో బాణభట్టు 'హర్షచరిత్ర'లో చతురంగాన్ని ప్రస్తావించాడు. పన్నెండవ శతాబ్దం మొదటి భాగంలో కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు కూర్చిన 'మానసోల్లాసం' రాజులకు తగిన వినోదాలను వర్ణిస్తూ ఈ ఆటకూ చోటిచ్చింది. ఆ పురాతన రూపంలో మంత్రి చాలా బలహీనమైన పావు. ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. పదిహేనవ శతాబ్దం చివర ఐరోపాలో, ముఖ్యంగా స్పెయిన్ ప్రాంతంలో, ఆ పావుకు బల్ల అంతటా అన్ని దిక్కులా దూసుకుపోయే శక్తి ఇచ్చారు. శకటుకు ఐమూల దారి పొడవునా స్వేచ్ఛ దొరికింది. ఆ మార్పులు తరువాతి కాలంలో భారతదేశానికీ వచ్చాయి. కాని ఇక్కడివారు వాటిని ఉన్నవి ఉన్నట్టు తీసుకోక, తమకు అలవాటైన నియమాలతో కలుపుకున్నారు. అలా పందొమ్మిదవ శతాబ్దం నాటికి స్థిరపడిన దేశవాళీ చదరంగంలో బంటు మొదటి ఎత్తులో కూడా సాధారణంగా ఒక్క గడే కదులుతుంది. కొన్ని ప్రాంతాలలో రాజు, మంత్రి, ఏనుగుల ముందున్న బంట్లకు మాత్రం రెండు గళ్ళ సౌకర్యం ఉండేది. ఒకే ఎత్తులో రాజును, ఏనుగును కలిపి జరిపి రాజుకు రక్షణ కల్పించే పద్ధతి, అంటే నేటి ఆటగాళ్ళు క్యాస్లింగ్ అని పిలిచేది, ఇక్కడ లేదు. దానికి బదులు రాజు ఒకసారి, అప్పటివరకు ఎదుటివారి దాడికి గురికాకుండా ఉన్నట్లయితే, గుర్రంలా దూకవచ్చు. ఆట మొదట్లో రాజుకు ఎదురుగా రాజు కాక మంత్రి నిలుస్తాడు. ఎదుటి అంచు చేరిన బంటు తనకు నచ్చిన పావుగా మారడానికి వీలులేదు. ఏ నిలువు వరుసలో చివరికి చేరిందో ఆ వరుసకు మొదట యజమాని అయిన పావుగానే, అదీ ఆ పావు అంతకుముందే పోయి ఉంటేనే, మారగలదు. ఎదుటివాడికి రాజు తప్ప ఏమీ మిగలకపోతే అది పూర్తి విజయంగా కాక, సగం విజయంగానో సరిసమానంగానో లెక్కకు వచ్చేది.

ఈ నియమాల వెనక ఉన్న ఆలోచన గమనించదగినది. బంటు ఎంత సేవ చేసినా తన వరుసలోని అధికారి స్థానానికి మాత్రమే ఎదగగలదు. రాజు ఒంటరివాడైతే అతనిని తరిమి చంపడం గొప్ప విజయం కాదు. ఆట నెమ్మదిగా, మోహరింపుకు ఎక్కువ సమయమిస్తూ సాగుతుంది. దేశవాళీ ఆటగాడి ప్రతిభ తొందరపాటు దాడిలో కంటే దీర్ఘమైన వ్యూహరచనలో కనిపించేది. 1840ల చివర నుంచి కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాటిష్ న్యాయవాదితో వందలాది ఆటలు ఆడిన మహేశ్‌చంద్ర బెనర్జీ బంట్లను ఒక్కొక్క గడి చొప్పున కదిపి, శకటును ప్రక్కనుంచి నడిపే తీరుకు ఐరోపా ఆటగాళ్ళు ఆశ్చర్యపడ్డారు. నేటికీ ప్రపంచ చదరంగ గ్రంథాలలో 'ఇండియన్ డిఫెన్స్' పేరుతో ఉన్న ప్రారంభాల కుటుంబం ఆ ఆటతీరు గుర్తుగానే నిలిచింది. ఓడిపోయిన నియమావళి తన వెనక ఒక శైలిని వదిలివెళ్ళగలదనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. తెలుగునాట చదరంగం పండితగోష్ఠిలో కూడా చేరింది. పూర్వపు అష్టావధానాలలో ఎనిమిది అంశాలలో ఒకటిగా చదరంగం ఉండేది, అవధాని పద్యపూరణ సాగిస్తూనే ఎత్తు చెప్పవలసి వచ్చేది.

ఐరోపాలో కూడా నియమాలు ఏకరూపంగా ఉండేవనుకోవడం పొరపాటు. రాజు మీద దాడి లేకుండానే ఒక పక్షానికి కదిలే అవకాశం పూర్తిగా మూసుకుపోయిన స్థితిని, నేడు స్టేల్‌మేట్‌గా పేర్కొనేదాన్ని, ఇంగ్లండులో పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాలలో ఒక వింత పద్ధతిలో లెక్కించేవారు: ఎదుటివాడిని ఆ స్థితికి నెట్టినవాడే ఓడినట్టు. 1808లో జేకబ్ సారట్ తన గ్రంథంలో దానిని సరిసమానమని ప్రకటించాక ఆ పద్ధతి క్రమంగా మారింది. ఇటలీలో రాజు, ఏనుగు కలిసి జరిగే ఎత్తుకు ఎన్నో స్థానిక రూపాలుండేవి. ఆ దేశపు ఆటగాళ్ళు తక్కిన ఐరోపా నియమాలకు 1880 ప్రాంతంలో మాత్రమే ఒప్పుకున్నారు. 1862లో బ్రిటిష్ చదరంగ సంఘం ప్రకటించిన నియమావళి చివరి అంచు చేరిన బంటు, ఆటగాడు కోరితే, ఏ పావుగానూ మారకుండా బంటుగానే ఉండిపోవచ్చునని చెప్పింది. హొవార్డ్ స్టాంటన్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. 1889లో విల్‌హెల్మ్ స్టైనిట్జ్ తన గ్రంథంలో సమర్థించాడు. చివరకు అది నియమావళులలోంచి తొలగిపోయింది. ఒక చిన్న బంటు గురించి మహా క్రీడాకారులు ఏళ్ళ తరబడి వాదించుకోవడం పైకి అతిశయంగా కనిపించవచ్చు, కాని చదరంగంలో ఒక్క బంటు తేడాతో ఆట ఫలితం తారుమారవుతుంది కనుక ఆ వాదన న్యాయమైనదే.

1851లో లండన్‌లో మొదటి అంతర్జాతీయ పోటీ జరిగినప్పుడు స్టాంటన్ దానితోపాటు అన్ని దేశాల ఆటగాళ్ళు కలిసి ఒకే నియమావళిని నిర్ణయించే రాజ్యాంగ సభ వంటిది జరగాలని ఆశించాడు. ఆ ఆశ అప్పుడు ఫలించలేదు. ఆ పోటీలో ఆలోచనకు కాలపరిమితి కూడా లేదు. కొందరు ఆటగాళ్ళు ఒక్క ఎత్తుకు గంటల కొద్దీ తీసుకుని ఎదుటివారిని అలసటతో ఓడించగలిగేవారు. తరువాతి దశాబ్దాలలో ఇసుక గడియారాలతో ప్రయోగాలు జరిగాయి. 1883 సమావేశానికి మాంచెస్టర్ చదరంగ సంఘానికి చెందిన థామస్ బ్రైట్ విల్సన్ ఒక ఊగే దండె మీద రెండు గడియారాలు అమర్చిన యంత్రాన్ని రూపొందించాడు. ఒకవైపు వంచితే ఒక గడియారం ఆగి, రెండవది నడుస్తుంది. గంటకు 15 ఎత్తుల పరిమితి ఉండడంతో, ఎవరి సమయం వారి ఖాతాలోనే తరిగిపోయే పద్ధతి మొదటిసారి నిష్పక్షపాతంగా అమలయింది. నేటి ఎలక్ట్రానిక్ గడియారాల సూత్రం ఇదే.

ఆ సమావేశంలో సరిసమానమైన ఆటల లెక్క మరొక చిక్కు తెచ్చింది. సరిసమానంగా ముగిసిన ఆటను రెండుసార్ల వరకు మళ్ళీ ఆడాలని, మూడవసారీ అలాగే ముగిస్తేనే చెరి అర పాయింటు ఇవ్వాలని నిర్ణయించారు. ప్రేక్షకులకు ఫలితం కావాలన్న కోరికతో పెట్టిన ఈ నియమం ఆటగాళ్ళ శక్తిని పీల్చివేసి, పోటీని దాదాపు రెండు నెలలు సాగదీసింది. ప్రధాన పోటీలో యోహానెస్ జూకర్టోర్ట్ 26 పాయింట్లకు 22 సాధించి, 19 పాయింట్ల స్టైనిట్జ్‌ను వెనక్కి నెట్టాడు. ఈ ఫలితమే 1886లో వారిద్దరి మధ్య మొదటి అధికారిక ప్రపంచ విజేత పోటీకి దారితీసింది. విజయనగరం పోటీలో గెలిచిన బార్డెలెబెన్ పేరు మాత్రం చదరంగ చరిత్రలో ఆ గెలుపు కంటే ఒక ఓటమి వల్ల ఎక్కువగా నిలిచింది. 1895లో హేస్టింగ్స్ పోటీలో స్టైనిట్జ్ అద్భుతమైన దాడికి లోనైన ఆయన, ఓటమి నోటితో ఒప్పుకోకుండా గదిలోంచి నిష్క్రమించి, తన గడియారంలో సమయం అయిపోయేలా చేశాడు. ఆట బల్లమీద ముగియకపోయినా గడియారం దానిని ముగించగలదనే కొత్త న్యాయం అప్పటికి అంతగా స్థిరపడిపోయింది.

1924లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, ఫిడే, స్టాంటన్ కోరుకున్న రాజ్యాంగ సభ స్థానాన్ని భర్తీ చేసింది. దాని మొదటి అధికారిక నియమావళి 1929లో ఫ్రెంచి భాషలో వెలువడింది. 1952లో సవరణలతో మరొక కూర్పు వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్ళకొకసారి పునఃపరిశీలన జరపడం ఆనవాయితీ అయింది. 2014 జూలై నుంచి ఒకే స్థితి ఐదుసార్లు పునరావృతమైనా, పావు కొట్టుకోవడం గాని బంటు కదలడం గాని లేకుండా ఇరుపక్షాలూ చెరి 75 ఎత్తులు వేసినా ఆటగాళ్ళు కోరకుండానే ఆట సరిసమానమవుతుంది. 2018లోను, 2023లోను కొత్త కూర్పులు అమలులోకి వచ్చాయి. పదిహేను వందల ఏళ్ళ వయసున్న ఆటకే ఇంకా సవరణలు అవసరమవుతున్నాయంటే, నియమావళిని ముగిసిపోయిన గ్రంథంగా భావించడం ఎంత పొరపాటో స్పష్టమవుతుంది.

భారతదేశంలో అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో ఏర్పడింది. మొదటి జాతీయ పోటీని ఆంధ్ర చదరంగ సంఘం 1955లో ఏలూరులో నిర్వహించగా, మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రే, ఆంధ్రకు చెందిన డి. వెంకయ్య సంయుక్త విజేతలయ్యారు. జాతీయ పోటీల ద్వారా అంతర్జాతీయ వేదికలకు చేరదలచిన ఆటగాడికి ఫిడే నియమాలు తప్పనిసరి కావడంతో దేశవాళీ పద్ధతి క్రమంగా ఇళ్ళకు, వృద్ధుల జ్ఞాపకాలకు పరిమితమైంది. అంతకు ముందే, 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ విజేతగా నిలిచిన పంజాబు ఆటగాడు మీర్ సుల్తాన్ ఖాన్, దేశవాళీ ఆటలో పెరిగి పాశ్చాత్య నియమాలను తరువాత నేర్చుకుని ఐరోపా మేటి ఆటగాళ్ళను ఓడించి, లోపం ఆటగాళ్ళలో లేదని నిరూపించాడు. ఇక్కడి నియమాలకు అధికారిక గ్రంథం లేకపోవడమే, వాటిని నిలబెట్టే సంస్థ లేకపోవడమే వాటి క్షీణతకు ప్రధాన కారణమని చెప్పడం సరైన తీర్పు.

చదరంగం నుంచి మరొక శాఖ కూడా చీలింది. దాని చివర ఉన్నది నేటి యువత ఎరిగిన కల్పనాలోకపు పాత్రధారణ ఆట. 1780లో జర్మనీలోని బ్రన్స్విక్‌లో గణితాచార్యుడు యోహాన్ హెల్‌విగ్ చదరంగాన్ని నిజమైన యుద్ధానికి దగ్గరగా తేవాలని 1,617 గళ్ళ బల్ల మీద కొండలు, నీళ్ళు, పదాతిదళం, అశ్వదళం, ఫిరంగులు ఉండే ఆటను రూపొందించాడు; 1803లో దానికి సవరించిన కూర్పు ప్రకటించాడు. 1824లో ప్రష్యా సైన్యాధికారి గియోర్గ్ హైన్రిష్ ఫాన్ రైస్విట్జ్ గళ్ళను వదిలిపెట్టి పటం మీద ఆడే 'క్రీగ్‌స్పీల్' నియమాలను వెలువరించాడు. అందులో పాచికలు నష్టాలను నిర్ణయిస్తాయి. ఇరుపక్షాల ఉత్తర్వులనూ విని ఏమి జరిగిందో చెప్పే మధ్యస్థుడు ఉంటాడు. నియమం చెప్పనిచోట మధ్యస్థుడి వివేకమే నియమమవుతుంది, చదరంగానికి పూర్తిగా అపరిచితమైన సూత్రం ఇది. అమెరికా సైన్యాధికారి చార్లెస్ టాటెన్ 1880లో ఇదే తరహాలో రాసిన గ్రంథాన్ని 1960లలో చదివిన డేవిడ్ వెస్లీ, 1969లో మిన్నెసోటాలో తన మిత్రులకు సేనలకు బదులు ఒక్కొక్క వ్యక్తి పాత్రను అప్పగించి ఆడించాడు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్‌కు చెందిన గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వెలువరించినదే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. ఇందులో ఒక్కొక్కరు ఒక యోధుడుగానో మాంత్రికుడుగానో పాత్ర ధరిస్తారు. ఒకరు కథను నడిపే నిర్వాహకుడవుతారు. పాచికలు ప్రయత్నం ఫలించిందో లేదో తేలుస్తాయి. ఓడిపోవడానికి ఎదుటి పక్షమే ఉండదు, ముగింపు గడి ఉండదు.

ఇటువంటి ఆటలో నియమ గ్రంథమే ఆట వస్తువు. చదరంగానికి పావులు, పలక కావాలి. ఈ ఆటకు కావలసినది పుస్తకం, పాచికలు, నలుగురు మనుషులు. కనుక దీని చరిత్ర మొత్తం సవరణల చరిత్రగా సాగింది. 1977 నుంచి 1979 వరకు విస్తృత రూపంలో మూడు సంపుటాలు, 1989లో రెండవ కూర్పు, 2000లో మూడవది, దానికి 2003లో సవరణ, 2008లో నాలుగవది, 2014లో ఐదవది, ఆ ఐదవదానికే 2024లో సవరించిన గ్రంథాలు వచ్చాయి. 2000లో ప్రచురణకర్తలు మూల నియమాలను ఇతరులు కూడా వాడుకుని కొత్త గ్రంథాలు రాసుకోవచ్చునని అనుమతి ఇచ్చారు. 2023 మొదట్లో ఆ అనుమతిని మార్చబోగా ఆటగాళ్ళలో పెద్ద నిరసన చెలరేగింది, దానితో వారు ఆ నియమాలలోని ప్రధాన భాగాన్ని క్రియేటివ్ కామన్స్ అనే బహిరంగ అనుమతి కిందకు తెచ్చారు. నియమాలు రాసినవారివా, ఆడేవారివా అనే ప్రశ్నకు ఆటగాళ్ళు ఇచ్చిన బలమైన జవాబు ఇది. ప్రతి కొత్త కూర్పు వచ్చినప్పుడు పాతదానితోనే ఆడుతామని నిలిచే బృందాలుంటాయి. పాత పుస్తకం అచ్చులో ఉంది కనుక వారికి ఆ స్వేచ్ఛ ఉంది. దేశవాళీ చదరంగం ఆడేవారికి లేనిది సరిగ్గా ఇదే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్ళలో అరుగుల మీద, గుడి మండపాల బండల మీద, చెట్టు కింద నేల మీద గీసుకుని ఆడుకున్న ఆటల స్థితి కూడా దాదాపు ఇంతే. పులిజూదంలో సాధారణంగా మూడు పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 స్థానాలు ఉంటాయి. పులి మేక మీదుగా దూకి కొడుతుంది, మేకలు పులిని కదలనీయకుండా కట్టడి చేస్తాయి. రెండు పక్షాలకు బలంలోను, సంఖ్యలోను, లక్ష్యంలోను పొంతన లేకపోయినా ఆట సమతూకంగా సాగడం దీని ప్రత్యేకత, ఈ విషయంలో ఇది చదరంగం కంటే యుద్ధక్రీడలకు దగ్గరిది. నాలుగు పులులతో ఆడేవారున్నారు. మేకలన్నీ పటం మీదకు దిగేవరకు దిగిన మేకను కదపరాదనే నియమాన్ని కొందరు పాటిస్తారు, కొందరు పాటించరు. అష్టాచెమ్మాలో ఐదు గళ్ళ చతురస్రం మీద నాలుగు గవ్వలు వేసి, అన్నీ వెల్లకిలా పడితే నాలుగు, అన్నీ బోర్లా పడితే ఎనిమిది లెక్కిస్తారు; గవ్వలు లేనిచోట చింతపిక్కలను ఒకవైపు అరగదీసి వాడుకుంటారు. ఎదుటివారి కాయను ఒక్కటైనా కొట్టకుండా లోపలి గళ్ళలోకి పోరాదని కొన్ని ఇళ్ళలో పట్టుబడతారు. 'దాడి' అనే ఆటలో చెరి తొమ్మిది పావులు, 24 స్థానాలు. ఈ తేడాలన్నీ ఎవరో పొరపాటున చేసిన మార్పులు కావు. ఏ ఊరివారు, ఏ ఇంటివారు తమ ఆటను ఎలా తీర్చిదిద్దుకున్నారో చెప్పే సాక్ష్యాలు. ప్రతి ఇంటి పద్ధతీ ఒక అచ్చుకాని సవరణ.

ఇటువంటి మౌఖిక జ్ఞానాన్ని గ్రంథస్థం చేసిన గొప్ప ఉదాహరణ ఈ నేలమీదనే ఉంది. శ్రీకాకుళం సమీపాన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు రామమూర్తి, కొండలలో నివసించే సవరల మాటలను వారి నోటనే విని, వారి భాషకు లిఖిత వ్యాకరణం లేదని చెప్పి వదిలివేయక, వాడుకలోంచే నియమాలను వెలికితీసి 1931లో సవర భాషా బోధినిని, 1938లో నిఘంటువును వెలువరించాడు. నియమం ముందు పుట్టి వాడుక దానిని అనుసరిస్తుందన్న భావాన్ని ఆయన జీవితాంతం ఎదిరించాడు. ఆట నియమాలు కూడా అటువంటివే: ఆడేవారి మధ్య పుట్టి, ఆడేవారి వివాదాలలో పదునెక్కి, చివరకు ఎవరైనా పూనుకుంటే పుస్తకంలోకి చేరతాయి. పూనుకునేవారు లేకపోతే ఆడేవారితోనే పోతాయి.

విజయనగరం ధనం 1883లో దూరదేశపు నియమావళి రూపుదిద్దుకునే సభకు చేరింది. అదే కాలంలో ఈ జిల్లాల అరుగుల మీద నడిచిన ఆటలకు అటువంటి గ్రంథం ఏర్పడలేదు. ఆ లోటును ఇప్పటికీ పూరించవచ్చు. ఉత్తరాంధ్రలోని పాఠశాలలు, కళాశాలల చరిత్ర విభాగాలు, జిల్లా గ్రంథాలయాలు, ఆసక్తిగల పాఠకులు తమ ఇళ్ళలోని పెద్దలను అడిగి, ఏ ఊరిలో ఏ ఆటను ఎన్ని పావులతో, ఏ పటం మీద ఆడారో, పందెం ఎలా లెక్కించారో, వివాదం వస్తే ఎవరి మాట చెల్లిందో, ఊరి పేరుతో, సంవత్సరంతో సహా రాసిపెట్టాలి. పటాలను గీసి కొలతలతో భద్రపరచాలి. రెండు ఇళ్ళ పద్ధతులు వేరైతే ఒకదానిని సరైనదిగా ఎంచి రెండవదానిని కొట్టివేయక రెండింటినీ నమోదు చేయాలి. గవ్వలు చేతబట్టి ఆడిన తరం ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని మొదలుకావాలి.